కొత్తిల్లు వదిలి అవ్వ కొట్టంలో ఎందుకు పడుకుంది?

పోయిన ఏడాది మే నెల. రాత్రి తొమ్మిదిన్నర. బెంగళూరులో ఆఫీసు నుంచి రూముకొచ్చి అమ్మకి వీడియో కాల్ చేశా. "అవ్వకి ఇయ్యి మా" అన్నా. అమ్మ ఫోను పట్టుకుని హాలు దాటింది. వరండా దాటింది. వాకిలి కూడా దాటింది. "యాడికి పోతాండావు?" అని అడిగేలోపే స్క్రీన్ మీద మేక కనిపించింది. దాని పక్కన నులక మంచం. మంచం మీద అవ్వ.

"కొత్తిల్లు పెట్టుకుని ఇక్కడ పడుకున్నావేంది అవ్వా?" అన్నా, కొంచెం కోపంగానే.

"ఆ ఇంట్లో నీ టైల్సు పడుకుంటాయిలే నాయనా. పైనుంచి పెనం మాదిరి కాలుతాండాది. నాకీడ సల్లగుండాది" అంది.

ఆ ఇంటికి అయిన ఖర్చు 18 లక్షలు. అందులో 12 లక్షలు నా పేరు మీద బ్యాంకు లోను. నెలనెలా ఈఎంఐ కట్ అయిన మెసేజ్ చూసినప్పుడల్లా 'మావాళ్ళని మంచి ఇంట్లో పెట్టా' అని ఒక తృప్తి ఉండేది. ఆ రాత్రి ఆ తృప్తి పోయింది. ఎనభై ఏళ్ళ మనిషి నా ఇల్లు వదిలేసి బోద కొట్టంలో, మేకల పక్కన పడుకుంది. పైగా ఆమె చెప్పింది నిజం.

ఈ వారం యాప్‌లు, గ్యాడ్జెట్లు పక్కన పెడదాం. ఇంటి కప్పు గురించి మాట్లాడుకుందాం. మీలో చాలామంది ఇప్పుడో రేపో ఊర్లో స్లాబు వేయించడానికి డబ్బు పంపేవాళ్ళే కదా!

మట్టి మిద్దె మీద నా కోపం

మాది కళ్యాణదుర్గం వైపు ఒక పల్లె. అనంతపురం అనగానే అందరికీ కరువే గుర్తొస్తుంది. తప్పేం లేదు. ఏడాదికి కురిసే వాన సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. మిగతా రోజులన్నీ మబ్బు లేని ఆకాశం, నెత్తిన ఎండ. ఆ ఎండ ఎంత గట్టిదంటే, నంబులపూలకుంట దగ్గర పెద్ద సోలార్ పార్కే పెట్టారు. కరెంటు తీయడానికి పనికొచ్చే ఎండ మన ఇంటి కప్పు మీద కూడా పడుతుందని మాత్రం ఇల్లు కట్టేటప్పుడు ఎవరికీ గుర్తు రాదు. నాకూ రాలేదు.

మా పాత ఇల్లు మట్టి మిద్దె. అడుగున వేప దూలాలు, వాటి మీద దంతెలు, వాటి మీద కట్టెలు, ఆకూ అలమూ, ఆపైన మూరెడుకి కొంచెం తక్కువగా మట్టి. అన్నిటికన్నా పైన చౌడు. వానలు మొదలయ్యే ముందు నాయన బండి కట్టుకుని చౌడు నేలకి పోయి మన్ను తెచ్చి మిద్దె మీద పరిచేవాడు. ఆ నేలలో గడ్డి కూడా సరిగ్గా మొలవదు. కానీ అందులో సోడియం ఎక్కువ. తడిస్తే ఆ బంకమన్ను ఉబ్బి సందులన్నీ మూసుకుంటాయి, నీళ్ళు కిందికి దిగవు. పంటకి పనికిరాని మన్ను ఇంటికి వాటర్‌ప్రూఫింగ్ అయిందన్నమాట.

ఇంత తెలివి ఉన్నా ఆ మిద్దె అంటే నాకు మంట. ఎందుకో చెప్తా. అన్నం తింటుంటే పైనుంచి మన్ను రాలేది. గవాచి లోంచి వచ్చే వెలుతురు తప్ప లోపలంతా చీకటే. ఎలుకలు, తేళ్ళు సరేసరి. ముసురు పట్టి రెండు రోజులు వాన కురిస్తే దూలం ఎప్పుడు విరుగుతుందో అని అమ్మ నిద్రపోయేది కాదు. స్కూల్ ఫ్రెండ్స్‌ని ఇంటికి పిలవాలంటే సిగ్గు. అక్క పెళ్ళి సంబంధాలప్పుడు వచ్చినవాళ్ళు అడిగిన మొదటి మాట, "మీది మిద్దేనా, స్లాబు ఇల్లా?"

అందుకే ఉద్యోగం వచ్చి కాస్త నిలదొక్కుకోగానే నేను చేసిన మొదటి పని ఆ మిద్దె పడగొట్టించడం. దాన్ని తలుచుకుని 'పాతకాలమే బంగారం' అని ఇప్పుడు నేను కన్నీళ్ళు పెట్టుకోను. ఆ ఇల్లు పోవాల్సిందే. కానీ అది చేస్తున్న పనుల్లో ఒకటి నాకు కనబడలేదు. దాన్ని కూడా కలిపి పడగొట్టించా.

ఐసుకి కంబళి కప్పితే?

ఇన్సులేషన్ అనగానే మనకి గుర్తొచ్చేది ఎలక్ట్రీషియన్ చుట్టే నల్ల టేపు. అది కరెంటుని ఆపేది. వేడిని ఆపే ఇన్సులేషన్ ఇంకోటుంది. స్కూల్లో 'అధమ వాహకాలు' అని చదివి, పరీక్ష రాసి, మర్చిపోయాం.

ఒక చిన్న ప్రశ్న. ఎండాకాలంలో ఐసు గడ్డ మీద ఉన్ని కంబళి కప్పితే తొందరగా కరుగుతుందా, ఆలస్యంగానా? మా ఆఫీసులో అడిగితే సగం మంది 'తొందరగా' అన్నారు. కంబళి వేడి కదా మరి! కానీ కంబళికి సొంత వేడి లేదు. చలికాలంలో మన ఒంటి వేడిని బయటికి పోనీయదు, అందుకే వెచ్చగా ఉంటుంది. ఐసు మీద కప్పితే బయటి వేడిని లోపలికి రానీయదు, అందుకే ఐసు నిలుస్తుంది. ఐసు గడ్డని ఊకలోనో రంపపు పొట్టులోనో పెట్టి గోనెపట్ట చుట్టేవాళ్ళకి ఈ సంగతి ఎప్పుడో తెలుసు. మా వైపు గొర్రెలు కాసే కురుబ పెద్దలు నడి ఎండలో కూడా భుజం మీద కంబళి వదలరు. చలికీ అదే, ఎండకీ అదే, వానకీ అదే.

అసలు పని చేసేది ఉన్ని కూడా కాదు. ఉన్ని పోగుల మధ్య ఇరుక్కుని కదలకుండా నిలబడ్డ గాలి. ఈ అంకెలు చూడండి. ఒక మీటరు మందం ఉన్న వస్తువులోంచి, చదరపు మీటరుకి, ఒక్క డిగ్రీ తేడాకి ఎన్ని వాట్ల వేడి దాటుతుందో చెప్పేవి ఇవి. రాగి సుమారు 400. ఇనుము 80. సిమెంటు కాంక్రీటు 1.5. నీళ్ళు 0.6. చెక్క 0.15. థర్మోకోల్ 0.035. కదలని గాలి 0.025.

థర్మోకోల్ చేతిలోకి తీసుకుంటే బరువే ఉండదు, ఎందుకంటే అందులో దాదాపు అంతా గాలే. ఫ్రిజ్ గోడల మధ్య ఉండే ఫోమూ, క్యారియర్ హాట్‌ప్యాక్ లోపలి ఫోమూ, అవ్వ కొట్టం మీది బోద గడ్డీ చేసే పని ఒకటే. గాలిని చిన్న చిన్న గదుల్లో బంధించడం. టీ కొట్టు ఫ్లాస్కు ఇంకో అడుగు ముందుకేసింది. గాలిని కూడా తీసేసి రెండు గోడల మధ్య శూన్యం పెట్టింది. 1892లో జేమ్స్ డ్యూవార్ అనే శాస్త్రవేత్త బాగా చల్లబరిచిన వాయువుల్ని నిలవ పెట్టుకోవడానికి దాన్ని తయారు చేశాడు. ఇప్పుడు మన చాయ్ దాంట్లోనే తిరుగుతోంది.

నెత్తి మీద ఇస్త్రీపెట్టె

ఆ వీడియో కాల్ తర్వాత వచ్చిన శనివారం ఊరికెళ్ళా. ఆన్‌లైన్‌లో కొన్న చిన్న డిజిటల్ థర్మామీటర్లు రెండు పట్టుకెళ్ళా. ఒకటి అవ్వ గదిలో పెట్టా, ఇంకోటి కొట్టంలో. రాత్రి తొమ్మిదికి గదిలో 37, కొట్టంలో 32. కొట్టానికి మూడు వైపులా గాలి ఆడుతుంది, అదీ ఒక కారణమే. కానీ స్టూలెక్కి స్లాబు కింద అరచేయి పెట్టినప్పుడు అసలు విషయం అర్థమైంది. సూర్యుడు పోయి రెండున్నర గంటలైనా స్లాబు ఇంకా కాలుతూనే ఉంది. గాలి చల్లబడినా, కప్పు నుంచి వేడి నేరుగా మంచం మీద ఉన్న మనిషి ఒంటికి తగులుతుంది. అవ్వ 'పెనం' అన్నది అందుకే. ఫ్యాను వేస్తే ఆ పెనం కింది గాలినే మళ్ళీ మన మీదికి తోస్తుంది.

ఆ రాత్రి లెక్క వేశా. ఇంజనీరింగ్ చదివినందుకు ఆ మాత్రమైనా చేయాలి కదా. కప్పులోంచి వేడి ఎంత సులువుగా దాటుతుందో చెప్పే అంకెని యూ-వాల్యూ అంటారు. ఎంత తక్కువైతే అంత మంచిది. మామూలు ఐదంగుళాల స్లాబుకి అది 3.4 దాకా ఉంటుంది. అవ్వ గది సుమారు 11 చదరపు మీటర్లు. మధ్యాహ్నం స్లాబు పైన మండే వేడికీ గదికీ 20 డిగ్రీల తేడా ఉందనుకుందాం. 3.4ని 11తో, 20తో హెచ్చిస్తే దాదాపు 750 వాట్లు. అంటే ఒక ఇస్త్రీపెట్టె ఆన్ చేసి అవ్వ నెత్తి మీద వేలాడదీసినట్టు.

మరి పాత మట్టి మిద్దె? అడుగు మందం మట్టికి లెక్కేస్తే 1.4 దగ్గర వచ్చింది. స్లాబులో సగం కూడా కాదు. ఇంకో విషయం, ఆలస్యం. సన్నటి స్లాబులోంచి మధ్యాహ్నపు వేడి మూడు నాలుగు గంటల్లో కిందికి దిగుతుంది. అడుగు మందం మట్టిలోంచి దిగడానికి ఎనిమిది తొమ్మిది గంటలు పడుతుంది, అది కూడా బాగా పలచబడి. ఆ వేడి లోపలికి వచ్చేసరికి రాత్రి పది, పదకొండు. ఆ టైముకి మేమంతా చాపలు తీసుకుని మిద్దె మీదికి ఎక్కేసేవాళ్ళం! మాది పీఠభూమి కాబట్టి పొద్దుపోయాక మంచి గాలి వీస్తుంది. కప్పు మందం, మా నిద్ర వేళ, ఊరి గాలి మూడూ ఒకదానికొకటి సరిపోయాయి.

ఆఫీసులో నా పని సర్వర్ల లేటెన్సీ తగ్గించడం. 200 మిల్లీసెకన్లు 150 అయితే అందరం చప్పట్లు కొట్టుకుంటాం. ఇంటి కప్పుకి మాత్రం లేటెన్సీ ఎంత ఎక్కువుంటే అంత మంచిది. నేను ఎనిమిది గంటల లేటెన్సీ ఉన్న కప్పు పడగొట్టి, మూడు గంటల లేటెన్సీ ఉన్న కప్పు వేయించా. పైగా 18 లక్షలు పెట్టి.

మన దేశంలో దీనికి ఒక కోడ్ కూడా ఉంది. 2018లో కేంద్రం తెచ్చిన 'ఎకో నివాస్ సంహిత' ప్రకారం ఇంటి కప్పు యూ-వాల్యూ 1.2కి మించకూడదు. మా స్లాబు దానికి దాదాపు మూడు రెట్లు. మేస్త్రీ కమ్మీ ఎంత, కంకర ఎంత, టైల్స్ ఏ కంపెనీ అని అడిగాడు. నేనూ వాటికే జవాబు చెప్పా. 'ఎండకేం చేద్దాం?' అని ఆయన అడగలేదు. నేనూ అడగలేదు. ఇంటి ప్లాన్ పీడీఎఫ్‌లో ఆ గడి అసలు లేదు.

కుండ, సున్నం, కంబళి

వేడిని ఎదుర్కొనే దారులు మూడున్నాయి. మనం మూడింటినీ కలిపేసి మాట్లాడతాం.

మొదటిది కుండ దారి. మట్టికుండలో నీళ్ళు చల్లగా ఉండేది కుండ వేడిని ఆపడం వల్ల కాదు. సన్నటి రంధ్రాల్లోంచి నీళ్ళు చెమర్చి ఆవిరవుతాయి, పోతూ పోతూ వేడిని పట్టుకుపోతాయి. కుండకి తడి గోనె చుట్టేది అందుకే. కూలరు కూడా ఇదే పని చేస్తుంది. మా వైపు గాలి పొడిగా ఉంటుంది కాబట్టి బాగా పనిచేస్తుంది. కానీ నీళ్ళు కావాలి. అనంతపురంలో మే నెలలో నీళ్ళంటే, వద్దులెండి.

రెండోది సున్నం దారి. తెల్ల రంగు ఎండని వెనక్కి కొడుతుంది. వేడి లోపలికి దిగాక ఆపడం కాదు, అసలు ఎక్కనీయకపోవడం. అన్నిటికంటే చవక ఇదే. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో తెచ్చిన కూల్ రూఫ్ పాలసీ కూడా ఈ దారిదే. ఇబ్బంది ఏంటంటే దుమ్ము పడితే తెలుపు పోతుంది, మళ్ళీ వేయాలి.

మూడోది కంబళి దారి. అదే ఇన్సులేషన్. వేడి దాటే దారిలో కదలని గాలిని అడ్డం పెట్టడం. ఇది చల్లదనాన్ని పుట్టించదు. ఆపుతుంది, ఆలస్యం చేస్తుంది, అంతే. అందుకే రెండు వైపులా పనిచేస్తుందని గుర్తుపెట్టుకోవాలి. పగలు కిటికీలు బార్లా తెరిచి వేడిని రానిచ్చి, రాత్రి మూసుకుని పడుకుంటే ఆ వేడిని కూడా బయటికి పోనీయదు.

మేం ఏం చేశాం

ముందు నాకు వచ్చిన సలహా, "లోపల థర్మోకోల్ సీలింగ్ కొట్టించు, చవక." నేను వద్దన్నా. మామూలు థర్మోకోల్ ఇట్టే అంటుకుంటుంది, కాలితే వచ్చే పొగ ప్రమాదం. దాని పైనుంచే కరెంటు వైర్లు పోతాయి. పైగా స్లాబు మాత్రం ఎండకి కాలుతూనే ఉంటుంది. గొడుగుని నెత్తి మీద పట్టుకోవాలి గానీ చొక్కా లోపల కాదు కదా.

తర్వాత అవ్వ సలహా. "దాని మీద ఇంత చౌడు పోయించు, సల్లబడుతుంది." వినడానికి భలే ఉంది. కానీ అడుగు మందం మట్టి చదరపు మీటరుకి 500 కిలోలు దాటుతుంది. మనుషులు ఎక్కే మిద్దెకి మామూలుగా డిజైన్‌లో లెక్కేసే అదనపు బరువు చదరపు మీటరుకి 150 కిలోలు. పాత మిద్దె దూలాలు ఆ మట్టి కోసమే వేసినవి. ఈ స్లాబు అలా కాదు. దయచేసి మీరెవరూ ఈ ప్రయోగం చేయకండి. పాత ఇంటి నుంచి తీసుకోవాల్సింది మట్టి కాదు, ఆ ఆలోచన.

చివరికి ఒక స్ట్రక్చరల్ ఇంజనీరుకి చూపించి బరువు సరిపోతుందని తేల్చుకున్నాక పని మొదలుపెట్టాం. స్లాబు పైన ముందు వాటర్‌ప్రూఫింగ్, దాని మీద రెండంగుళాల ఎక్స్‌పీఎస్ బోర్డులు. థర్మోకోల్ జాతిదే గానీ గట్టిది, నీళ్ళు పీల్చదు. వాటి మీద జాలీ పరిచి పలచటి కాంక్రీటు, ఆపైన తెల్ల పింగాణీ టైల్ ముక్కలు. అంటే కంబళి, సున్నం రెండు దారులూ కలిపేశాం. ఇల్లంతా చేయడానికి డబ్బు లేదు. అవ్వ గది, హాలు వరకే చేయించా. 45 వేలు అయింది. స్లాబు వేసినప్పుడే చేయించి ఉంటే కూలీ ఖర్చు చాలా మిగిలేది.

కొత్త లెక్కలో యూ-వాల్యూ 0.55. అదే ఎండకి 750 వాట్లు కాస్తా 120 అవుతుంది. ఇస్త్రీపెట్టె పోయి పాతకాలం 60 వాట్ల బల్బులు రెండు మిగిలాయి.

ఈ మే నెలలో మళ్ళీ థర్మామీటరు పెట్టా. రాత్రి తొమ్మిదికి అవ్వ గదిలో 34. అద్భుతాలేం జరగలేదు. గోడలున్నాయి, కిటికీలున్నాయి, వాటి వేడి వాటిదే. కానీ స్టూలెక్కి చేయి పెడితే స్లాబు కాలడం లేదు. పడుకునే ముందు కిటికీలు రెండూ తెరవమని అమ్మకి చెప్పా.

"ఇప్పుడెట్లుంది అవ్వా?" అని అడిగా.

"పర్వాలేదు రా. ఆ ఫ్యానే గుర్రుమంటాండాది. నిద్ర పట్టనీదు" అంది. మంచం మాత్రం గదిలోనే ఉంది. మేకలు కొట్టంలో ఉన్నాయి. నాకది చాలు.

మీ వంతు

ఇల్లు కట్టే స్తోమత అందరికీ ఉండదు. సిమెంటు రేకుల కింద ఉన్నవాళ్ళు వేసవి రాకముందే పైన సున్నం వేయండి. కింద ఒక జానెడు సందు వదిలి వెదురు తడక కట్టినా ఆ మధ్య గాలి కొంత ఆపుతుంది. ఆ సందులో వైర్లు పోనివ్వకండి. రేకుల మీదికి ఎక్కేటప్పుడు పలక వేసుకుని దాని మీద నడవండి, ఉత్త రేకు విరుగుతుంది.

రాత్రి ఫోను ఛార్జింగ్‌లో పెట్టి దిండు కింద తోసే అలవాటు ఉంటే ఈరోజే మానేయండి. దిండు అంటే కదలని గాలి మూట. ఫోను వేడి బయటికి పోయే దారి ఉండదు. అవ్వని స్లాబు కింద పెట్టినట్టే.

ఇక ఊర్లో ఇంటికి డబ్బు పంపబోతున్నవాళ్ళకి ఒక్క మాట. టైల్స్ ఫొటోలు వాట్సాప్‌లో వస్తాయి, చూసి బాగుంది అనండి. ఆ తర్వాత మేస్త్రీకి ఫోన్ చేసి ఒక్క ప్రశ్న అడగండి: "స్లాబు మీద ఎండకేం వేస్తున్నావన్నా?"

ఆల్రెడీ ఇల్లు కట్టేశామంటారా? ఈ రాత్రి తొమ్మిదికి ఫ్యాను ఆపి, స్టూలెక్కి, మీ పైకప్పుకి ఒకసారి అరచేయి ఆనించి చూడండి. దాని కింద ఎవరు పడుకుంటున్నారో అప్పుడు గుర్తు చేసుకోండి.